మంచం మీది పెద్దల మడమలు చూశారా?



ఇవాళ్టి విషయం భోజనాల వేళ చెప్పుకునేది కాదు. అయినా మంచం పట్టిన పెద్దవాళ్లు లేని కుటుంబం మనలో ఎంతమందికి వుంది చెప్పండి! మనింట్లో లేకపోతే పుట్టింట్లో వుంటారు, అత్తవారి ఊళ్లో వుంటారు, లేదా ఏ వృద్ధాశ్రమంలోనో వుంటారు. కదలకుండా ఒకే తీరున పడుకుని గానీ కూర్చుని గానీ వుండేవాళ్లకు పిరుదుల మీదా, తుంటి మీదా, మడమల మీదా పుండ్లు పడతాయి. ఆసుపత్రివాళ్లు వీటిని బెడ్‌సోర్స్ అంటారు. మనం పడక పుండ్లు అనుకుందాం. వాటికి ఏ మందు రాయాలన్నది డాక్టరు చూసుకోవలసిన సంగతి. ఎవరికి పడబోతున్నాయో ముందుగా పసిగట్టడం మాత్రం ఇంట్లో ఆడవాళ్లు చెయ్యగలిగిన పని. పడ్డాక మానడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి మానదు కూడాను.

మాది అనంతపురం జిల్లాలో కణేకల్లు. రాయదుర్గానికీ బళ్లారికీ దగ్గర. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు, ఊరి పెద్ద చెరువు వున్నందువల్ల మా దగ్గర వరి పండుతుంది. నాలుగడుగులు అవతలికి పోతే మాత్రం వాన కోసం మొగం పైకెత్తి చూసే మెట్ట నేలే. హగరి పక్కన ఇసుక దిబ్బలు చూస్తే ఇది ఆంధ్రదేశమేనా అనిపిస్తుంది. వయసులో వున్నవాళ్లు బెంగుళూరుకో, బళ్లారికో, హైదరాబాదుకో బతుకుదెరువుకు పోతారు. ఊళ్లో ముసలివాళ్లు మిగులుతారు. వాళ్లలో ఒకరు మంచం పడితే నెలకింత అని మాట్లాడుకుని ఒక తోడుమనిషిని పెడతారు. నేను నర్సు ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని కనక, ఊరికి వెళ్లినప్పుడల్లా “ఒక్కసారి వచ్చి మా అవ్వను చూసిపోమ్మా” అని పిలుస్తారు. చెప్పబోయేవన్నీ అలా చూసినవీ, చదివినవీ.

చాలా ఇళ్లలో ఒక మాట వినబడుతుంది. “మంచం పట్టాక పుండ్లు పడక మానుతాయా? అది పోయేముందు వచ్చే గుర్తు” అంటారు. చదువులేనివాళ్ల మాట అనుకోకండి. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్ నగరంలో షార్కో అని మహా పేరుపొందిన నరాల వైద్యుడు అదే అన్నాడు. నరాలు దెబ్బతింటే పుండు దానంతటదే పడుతుంది, పడిందంటే చావు దగ్గరపడినట్టే అని ఆయన అభిప్రాయం. నిజానికి అంతకు చాలా ముందే, 1850ల్లోనే, బ్రౌన్ సెకార్ అనే ఇంకో శాస్త్రజ్ఞుడు కాళ్లు పడిపోయిన జంతువులను పరీక్షించి చూశాడు. ఒకే చోట బరువు పడకుండా, మూత్రం తడి లేకుండా చూసుకుంటే వాటికి పుండ్లే పడలేదు. కానీ పెద్దాయన మాటే చెల్లింది. “ఎలాగూ పడేదే” అనుకున్న రోగిని ఎవరు పనిగట్టుకుని పక్కకు తిప్పుతారు?

ఆ నమ్మకం బాగా సడలింది రెండో ప్రపంచ యుద్ధం నాడు. 1944లో ఇంగ్లండులో స్టోక్ మాండవిల్ అనే చోట గుట్మన్ అనే డాక్టరు, వెన్నెముక విరిగి కాళ్లు పడిపోయిన సిపాయిలను రాత్రనక పగలనక రెండేసి గంటలకు పక్క మార్చి తిప్పించాడు. అంతకుముందు అలాంటివాళ్లు పడక పుండ్లతోనూ, మూత్రంలో చీము పట్టీ పోయేవారు. ఆయన దగ్గర చాలామంది బతికి, పనులు కూడా చేసుకున్నారు. అంతదూరం ఎందుకు, మా సీమవాళ్లు జబ్బు ముదిరితే పరుగెత్తే రాయవేలూరు ఆసుపత్రి వుంది కదా. అక్కడి డాక్టరమ్మ మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో నడుం కింది భాగమంతా చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది. అలాంటి రోగుల కోసం 1966లో అక్కడే ఒక కేంద్రం ఏర్పడటానికి ఆమే మూలం. 1972లో పద్మశ్రీ వచ్చింది. ఒంట్లో సగానికి స్పర్శే లేని మనిషి ఏళ్లతరబడి ఉద్యోగం చేయగలిగినప్పుడు, తుంటి విరిగి మూడు నెలలు మంచంలో వున్న మన అత్తగారికి పుండు పడి తీరాలని ఏముంది? చివరి రోజుల్లో, ఒళ్లంతా రక్తం ఆడటం తగ్గిపోయిన దశలో, ఎంత చూసినా ఆగని పుండ్లు కొన్ని వుంటాయి, కాదనను. తక్కినవాటిలో చాలా మటుకు ఆపగలిగినవే.

అసలు పుండు ఎలా పడుతుంది? మన ఒంట్లో కొన్నిచోట్ల ఎముకకూ చర్మానికీ మధ్య కండ పలచగా వుంటుంది. నడుం కింద పిరుదుల నడిమి ఎముక, తుంటి, మడమ, చీలమండ, మోచెయ్యి, వీపు మీది రెక్క ఎముకలు, తల వెనుక భాగం అలాంటివి. పడుకున్నప్పుడు పరుపుకూ ఎముకకూ మధ్య ఆ కండ నలుగుతుంది. నెత్తురు ఆడదు. మనమైతే నిద్రలోనే అటూ ఇటూ దొర్లి దాన్ని వదిలిస్తాం. కదలలేనివాళ్లు ఆ పని చెయ్యలేరు. బలహీనంగా వున్నవాళ్లకు రెండు మూడు గంటలు చాలు, లోపల కండ చెడటం మొదలవుతుంది. అది తరచుగా ఎముక దగ్గర మొదలై పైకి వస్తుంది. మామిడిపండు పైకి నిగనిగలాడుతూనే టెంక దగ్గర కుళ్లి వుండటం మీరు చూసే వుంటారు. చర్మం చిట్లి మనకు కనబడేసరికి లోపల జరగవలసింది జరిగిపోయి వుంటుంది. అందుకే “ఇంకా ఏం లేదు కదా” అన్న మాట నాకు నచ్చదు.

మరి ఎవరికి పడబోతుందో తెలిసేదెలా? దీనికి నర్సులే ఒక లెక్క కట్టారు. ఇంగ్లండులో డోరీన్ నార్టన్ అనే నర్సు, తన తోటివాళ్లతో కలిసి ఆసుపత్రుల్లో ముసలివాళ్ల సేవ ఎలా సాగుతోందో పరిశీలించి 1962లో దాన్ని ప్రచురించింది. అందులో ఐదు ప్రశ్నలు. ఒక్కోదానికి నాలుగు నుంచి ఒకటి దాకా మార్కులు. బాగుంటే నాలుగు, బొత్తిగా బాగాలేకపోతే ఒకటి. మొత్తం 20. పద్నాలుగూ అంతకు తక్కువా వస్తే ఆ మనిషికి పుండు పడే ప్రమాదం వుందని లెక్క. కాగితం, పెన్సిలు వుంటే చాలు, మనం కూడా వేసుకోవచ్చు.

కణేకల్లులో నేను చూసిన ఒక అవ్వకు ఈ లెక్క వేసి చూపిస్తాను. డెబ్బై ఆరేళ్ల మనిషి. పెరట్లో జారిపడి తుంటి విరిగింది, ఆపరేషన్ అయి ఇంటికి తెచ్చారు. మంచంలో పడుకునే బుడ్డలు ఎన్ని మూటలైనాయో, ఎవరు ఎంత బాకీ వున్నారో పొల్లుపోకుండా చెబుతుంది. ఇంటికి వచ్చినవాళ్లంతా “అవ్వకేం, బంగారంలాగుంది” అని పోతున్నారు.

మొదటి ప్రశ్న, ఒంటి ఆరోగ్యం మొత్తం మీద ఎలా వుంది? ఫరవాలేదు, మూడు. రెండోది, తెలివి, మెలకువ ఎలా వున్నాయి? దివ్యంగా వున్నాయి, నాలుగు. మూడోది, నడక. నాలుగంటే తానే నడవటం, మూడంటే పట్టుకుంటే నడవటం, రెండంటే కుర్చీ దాకా, ఒకటంటే మంచమే. అవ్వకు ఒకటి. నాలుగోది, మంచంలోనే తనంత తాను ఒత్తిగిలగలదా, కాళ్లు కదిలించుకోగలదా? చాలా కొద్దిగా, రెండు. ఐదోది, మలమూత్రాలు ఆపుకోగలదా? ఎప్పుడైనా ఒకసారి మూత్రం పడిపోతుంది, మూడు. కూడితే 13.

అందరూ చూసింది ఆ రెండో ప్రశ్న ఒక్కటే! మాట్లాడుతోంది, గుర్తుపడుతోంది, కాబట్టి బాగుందనుకున్నారు. పుండుకు మనిషి తెలివితో పని లేదు, కదలికతో పని. ఈ ఐదింటిలో నన్నడిగితే మూడూ నాలుగూ ముఖ్యం. ఈ రెండూ తగ్గిన మనిషిని, తక్కినవి ఎంత బాగున్నా, రోజూ చూసుకోవలసిందే.

నార్టన్ లెక్కలో తిండి సంగతి విడిగా లేదు. తర్వాత 1987లో అమెరికాలో బ్రేడెన్, బెర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు నర్సులు ప్రకటించిన పట్టికలో దాన్ని చేర్చారు. ఒంటికి స్పర్శ తెలుస్తోందా, చెమటా తడీ ఎంత, పక్క మీద ఒళ్లు ఒరుసుకుంటోందా అన్నవి కూడా అందులో వున్నాయి. ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడేది అదే. స్పర్శ ఎందుకంటారా? ఏళ్లతరబడి మధుమేహం వున్నవాళ్లకూ, పక్షవాతం వచ్చినవాళ్లకూ నొప్పి తెలియకపోవచ్చు. మతిమరుపు ముదిరినవాళ్లకు నొప్పి తెలుస్తుంది కానీ చెప్పలేరు. చిరాకుపడతారు, మూలుగుతారు, చెయ్యి విదిలిస్తారు. మనం “వయసు మీదపడి చాదస్తం” అనుకుంటాం.

తిండి తగ్గిందో లేదో తూనిక యంత్రం లేకుండానే తెలుసుకోవచ్చు. గాజులు చూడండి. నిన్నమొన్నటిదాకా మణికట్టు దగ్గర ఆగినవి మోచేతి దాకా జారుతున్నాయా? ఉంగరం వదులైందా? రవికె వేలాడుతోందా? ఒంటి మీద కండ కరిగిందంటే ఎముకకూ పరుపుకూ మధ్య వున్న మెత్తన పోయినట్టే. మా వైపు మంచంలో వున్నవాళ్లకు అరగదని గంజి, మజ్జిగన్నం పెట్టి వూరుకుంటారు. పప్పు, పాలు, పెరుగు, గుడ్డు, బుడ్డల పొడి, ఏదో ఒకటి పూటపూటా పడాలి. మూత్రపిండాల జబ్బు వుంటే మాత్రం డాక్టరును అడిగి పెట్టాలి. నీళ్ల సంగతి మరీ చిక్కు. మాటిమాటికీ లేపమని అడగటానికి మొహమాటపడి చాలామంది ముసలివాళ్లు కావాలనే నీళ్లు తగ్గిస్తారు. అనంతపురం ఎండల్లో ఇది ఇంకా కష్టం.

ఇక చర్మం చూడటం. ఇంగ్లీషు పుస్తకాల్లో, మొదటి గుర్తు చర్మం ఎర్రబడటం అని రాసి వుంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఫరవాలేదు, నొక్కినా ఎరుపు తగ్గకపోతే ప్రమాదం అంటారు. తెల్లదొరల ఒంటికి అది సరిపోతుంది. మా కణేకల్లు ఎండకు కాగిన ఒంటి మీద ఎరుపు ఎక్కడ కనబడుతుంది? నల్లని చర్మం మీద ఆ చోటు చుట్టుపక్కల కంటే ఇంకా నల్లగా, ఊదాగా, నీలంగా అనిపించవచ్చు. ఏమీ అనిపించకపోవచ్చు కూడా. అందుకని చేతినే నమ్ముకోవాలి. చేతి వెనుకవైపుతో, పిల్లల జ్వరం చూసినట్టు, తాకి చూడండి. పక్క చోటుకన్నా వెచ్చగా వుందా? చల్లగా వుందా? గట్టిగా బిగిసిందా, లేక నీరు పట్టినట్టు మెత్తగా వుందా? తాకితే మనిషి ముడుచుకుంటోందా? కుడి మడమకూ ఎడమ మడమకూ, కుడి తుంటికీ ఎడమ తుంటికీ పోల్చి చూడాలి. కిటికీ తెరిచి పగటి వెలుతురులో చూడాలి.

పైన చెప్పిన అవ్వ సంగతి బయటపెట్టింది ఇలాంటి చెయ్యే. ఆమె దగ్గరున్న తోడుమనిషికి అక్షరం ముక్క రాదు. ఒళ్లు తుడుస్తూ “ఈడ రోంత కాలినట్టుంది మ్మా, ఆ పక్కన లేదు” అని ఎడమ మడమ చూపించింది. ఇంట్లోవాళ్లకు ఏమీ కనబడలేదు. నేను తాకి చూస్తే నిజంగానే వెచ్చగా, కాస్త ఉబ్బుగా వుంది. ఆ పూట నుంచే పిక్కల కింద మెత్తటి దిండు పెట్టి, మడమలు పక్కకు తగలకుండా గాలిలో వుండేట్టు చేశాం. చర్మం చిట్లలేదు, కొద్ది రోజుల్లో మామూలైంది. ఆ అమ్మాయికి ఇచ్చే జీతం గురించి ఇంట్లో గొణుగుడు వుండేది. తర్వాత తగ్గిందనుకుంటాను.

ఇప్పుడు మనం పైకి చెప్పుకోని ఒక చిక్కు వుంది. మామగారి నడుం కింద కోడలు ఎలా చూస్తుంది? తల్లి నడుం కింద కొడుకు ఎలా చూస్తాడు? వాళ్లు చూడనివ్వరు, మనం అడగం. మర్యాద కోసం దుప్పటి కప్పే వుంచుతాం. అన్నం పెట్టేది కోడలు, మందులు తెచ్చేది కొడుకు, పుండు వున్న చోటు చూసేది ఎవరూ కాదు. వాసన వచ్చాక తెలుస్తుంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో అచ్చంగా ఇలాగే అయింది. ఆ పెద్దాయన ధోవతికి మరక అంటితే కోడలికి పని పెరుగుతుందని పాత తువ్వాలు మడిచి తానే కింద పెట్టుకునేవాడట. మరక బయటికి కనబడేనాటికి పుండు ఎముక దాకా పోయింది.

అందుకని మొదటి రోజే మాట్లాడుకుని ఎవరు చూడాలో తేల్చుకోవాలి. మామగారిని ఆయన కొడుకో, మనవడో రోజుకొకసారి ఒళ్లు తుడిచేటప్పుడు చూడాలి. “నాకు ఇవన్నీ తెలియవు” అంటే కుదరదు. అత్తగారిని కూతురో, కోడలో చూడాలి. డబ్బిచ్చి పెట్టుకున్న మనిషికైతే “జాగ్రత్తగా చూసుకో” అని వదిలెయ్యకుండా, ఏ చోట్లు చూడాలో చేత్తో ముట్టుకుని చూపించాలి. పెద్దవాళ్లకు కూడా చెప్పాలి, సిగ్గుపడితే నష్టపోయేది వాళ్లేనని. మెత్తగా చెబితే వింటారు.

మా ఊళ్లో ఇంకో శత్రువు ఇసుక. ఆషాఢం గాలి మొదలైతే హగరి ఇసుక కిటికీ సందుల్లోంచి వచ్చి పళ్లెంలో పడుతుంది, పక్కలో పడుతుంది. మనం చేత్తో దులిపేసుకుంటాం. కదలలేని మనిషి నడుం కింద అది రాత్రంతా గరుకు కాగితంలా ఒరుస్తుంది. గాలికాలంలో ఉదయం, సాయంత్రం దుప్పటి దులిపి పరవాలి, ముడతలు లేకుండా లాగి అంచులు పరుపు కిందికి దోపాలి. పట్నంలో వున్న మీకు ఇసుక లేకపోవచ్చు, బిస్కట్టు ముక్కలు వుంటాయి, రవికె హుక్కులు వుంటాయి, దిండు మీది కుట్టుపని వుంటుంది.

కుక్కి మంచం మీద పడుకోబెట్టడం కూడా మంచిది కాదు. నులక సాగిపోయి మనిషి నడిమికి జారి వుంటే బరువంతా పిరుదుల మీదే పడుతుంది, ఒత్తిగిలుదామన్నా వీలవదు. అలాగే ముప్పొద్దులా వీపు వెనక దిండ్లు పేర్చి ఏటవాలుగా కూర్చోబెట్టడం మన ఇళ్లలో అలవాటు. కాసేపటికి మనిషి కిందికి జారుతుంది. చర్మం దుప్పటికి అంటుకుని అక్కడే వుంటుంది, లోపల ఎముక కిందికి జారుతుంది. ఈ రెంటి మధ్య సన్నని నెత్తుటి నాళాలు సాగి తెగుతాయి. కిందికి జారినవాళ్లను చంకల్లో చేతులు పెట్టి పైకి లాగడం ఇంకా చెడ్డది. ఒక దుప్పటి మడిచి భుజాల నుంచి తొడల దాకా కింద వేసి వుంచి, ఇద్దరు చెరో వైపూ పట్టుకుని ఎత్తి జరపాలి. అన్నం తినేటప్పుడు లేపి కూర్చోబెట్టండి, కాస్త అరిగాక తలవైపు దించండి.

తడి సంగతి మీకు తెలిసిందే. మూత్రంలో నానిన చర్మం నీళ్లలో నానిన కాగితంలా తయారవుతుంది. అలా అని ప్రతిసారీ సబ్బుతో రుద్ది కడిగినా చెడ్డదే. గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, పలచగా వాజ్‌లైన్ గానీ జింకు పూత గానీ రాస్తే చాలు. పరుపు పాడవుతుందని రబ్బరు గుడ్డ మీద నేరుగా పడుకోబెడితే మా ఎండలకు కింద చెమట పట్టి ఉడికిపోతుంది. పైన నూలు బట్ట తప్పకుండా వుండాలి. పాత నూలు చీరల బొంతలను మించింది లేదు.

కొన్ని పాత పద్ధతులు ఇప్పుడు వదిలెయ్యమంటున్నారు. ఒకప్పుడు ఆసుపత్రుల్లోనే వీపుకు స్పిరిట్ రాచి మర్దనా చేసి పౌడరు చల్లేవారు. చర్మం రంగు మారిన చోట మర్దనా చేస్తే లోపల దెబ్బతిన్న కండ ఇంకా నలుగుతుంది, స్పిరిట్ చర్మాన్ని ఎండగడుతుంది. నడుం కింద నడిమి ఖాళీ వున్న గాలి చక్రం పెట్టేవారు. అది చుట్టూ ఒత్తి, మధ్యలోకి నెత్తురు పోనివ్వదు. గాలి పరుపు కొనుక్కుంటే మంచిదే, కానీ అది వుంది కదా అని తిప్పడం మానెయ్యకూడదు. దాని మీద రెండు బొంతలు పరిస్తే కొన్నందుకు ఫలితం వుండదు. కరెంటు పోయినప్పుడు అది ఎంతసేపు నిలుస్తుందో ముందే చూసి పెట్టుకోండి. దాని కింద అరచెయ్యి దూర్చి నడుం ఎముక చేతికి తగులుతోందేమో చూడండి. తగిలితే ఆ పరుపు బరువు మొయ్యడం లేదన్నమాట.

తిప్పడం గురించి. రెండు గంటలకోసారి అని అందరూ చెబుతారు. చెప్పేవాళ్లు రాత్రి రెండింటికి లేచి తిప్పరు కదా! ఒక్క మనిషి పగలూ రాత్రీ ఆ పని చెయ్యలేదు. చేస్తున్నానని చెబితే నమ్మకండి. 2013లో అమెరికా, కెనడా వృద్ధాశ్రమాల్లో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. మంచి దట్టమైన నురగ పరుపు మీద పడుకున్నవాళ్లను రెండు, మూడు, నాలుగు గంటలకోసారి తిప్పి చూస్తే పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అక్కడ పరుపు మంచిది, తిప్పినప్పుడల్లా చర్మం చూసి రాసి పెట్టేవాళ్లు వున్నారు, అది మరవకూడదు. నా ఉద్దేశంలో మన ఇళ్లలో పగలు రెండేసి గంటలకూ, పరుపు బాగుండి ఉదయం చూసినప్పుడు చర్మం చక్కగా వుంటే రాత్రి మూడు నాలుగు గంటలకూ తిప్పవచ్చు. ఉదయం ఎక్కడైనా రంగు మారి కనిపిస్తే రాత్రి వ్యవధి తగ్గించాలి. పూర్తిగా తుంటి మీదికి తిప్పకండి. వీపు వెనక ఒక దిండు ఆనించి కొద్దిగా ఏటవాలుగా వుంచితే చాలు. మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టండి.

ఆ చదువురాని అమ్మాయి ఏం చేసేదో చెబుతాను. రెండు గిన్నెలు పెట్టుకుని ఒకదాంట్లో చింతపిక్కలు వేసుకునేది. తిప్పినప్పుడల్లా ఒక పిక్క ఇందులోంచి అందులోకి. సాయంత్రం బెంగుళూరు నుంచి కూతురు ఫోను చేస్తే లెక్క చెప్పేది.

ఆ ఫోను సంగతి పట్నంలో వున్న మనకు ముఖ్యం. రోజూ వీడియోలో అమ్మను చూస్తాం, నవ్వుతుంది, తిన్నానంటుంది, మన మనసు కుదుటపడుతుంది. వీడియోలో కనబడేది ముఖమే కదండీ. “అమ్మా, ఫోను కాస్త కాళ్ల దగ్గర పెట్టించు, మడమలు చూపించు” అని అడగండి. మడమలు చూపించడానికి ఎవరికీ సిగ్గుండదు. మడమలు సరిగా చూసుకుంటున్న మనిషి నడుం కూడా చూసుకుంటూ వుండే అవకాశం ఎక్కువ. వృద్ధాశ్రమానికి వెళ్లినా అంతే. గోడల రంగు, దేవుడి గది చూసి సంతోషపడి రాకండి. “ఎన్ని గంటలకు తిప్పుతారు, ఎక్కడ రాసుకుంటారు, రాత్రి ఎంతమంది వుంటారు” అని అడగండి. దుప్పటి తొలగించి చూడటానికి ఒప్పుకోకపోతే అనుమానించవలసిందే. ముసలివాళ్లను పట్టించుకోకుండా వదిలేశారనిపిస్తే ఫిర్యాదు చెయ్యడానికి 14567 అనే ఫోను నంబరు వుంది.

ఆసుపత్రిలో వున్నంతకాలం భయం లేదనుకోవడం కూడా పొరపాటు. తుంటి విరిగిన మనిషిని గతుకుల రోడ్డు మీద గట్టి స్ట్రెచర్ మీద బళ్లారికో అనంతపురానికో తీసుకుపోతాం. అక్కడ ఎక్స్‌రే దగ్గర, కాగితాల దగ్గర, ఆపరేషన్ కోసం గంటలతరబడి వెల్లకిలా పడుకోబెట్టే వుంచుతారు. నొప్పికి ఇంజెక్షను ఇస్తారు, మనిషికి ఒళ్లు తెలియదు. చాలా పుండ్లకు బీజం ఆ మొదటి రెండు రోజుల్లోనే పడుతుంది. పక్కనున్నవాళ్లు నర్సమ్మను అడిగి పిక్కల కింద ఒక మెత్తటి బట్ట చుట్ట పెట్టించాలి. ఆక్సిజన్ గొట్టం చెవుల వెనక కోస్తోందా, మూత్రపు గొట్టం తొడ కింద నలుగుతోందా, కట్టు అంచు గుచ్చుకుంటోందా చూడాలి. ఇంటికి పంపించే రోజు బిల్లు, మందుల చీటీతో పాటు వీపు, మడమలు కూడా నర్సు ఎదుటే చూసుకుని రావాలి.

చర్మం చిట్లితే మాత్రం సొంత వైద్యం వద్దు. పసుపు, బూడిద, కాఫీ పొడి, పొగాకు అందులో కూరవద్దు. నీటి పొక్కు వస్తే చిదమవద్దు. ఉప్పునీళ్ల సెలైన్‌తో కడిగి శుభ్రమైన గుడ్డ కప్పి, ఆశా కార్యకర్తనో, ఏ.ఎన్.ఎం.నో పిలిచి, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. పైన నల్లటి పెచ్చు కట్టితే మానుతోందని సంతోషించకండి, దాని కింద ఎంత లోతు వుందో తెలియదు. దుర్వాసన, చీము, జ్వరం, వున్నట్టుండి మాట తడబడటం, వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకూడదు.

ఆ ఐదు ప్రశ్నల కాగితాన్ని కాలెండరు పక్కన అంటించి పెట్టుకోండి. వారానికోసారి మార్కులు వేసుకోండి. జ్వరం వచ్చినప్పుడు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, మళ్లీ ఎప్పుడైనా పడినప్పుడు, తోడుమనిషి మారినప్పుడు ఆ రోజే మళ్లీ వేసుకోండి. నేను చెప్పిన అవ్వ ఆరో వారంలో పట్టుకుంటే నాలుగడుగులు నడిచింది. నడకకు ఒకటి పోయి మూడు వచ్చింది, మంచంలో తానే ఒత్తిగిలుతోంది కనక ఆ రెండు కూడా మూడైంది. లెక్క 16. అయినా మడమల కింద దిండు ఇంకో నెల తియ్యవద్దన్నాను.